ప్రచారానికీ ఒక పంచాంగం: ఫోనులో సరుకు చూపే వర్తకులకు పాఠం

ఖిలా వరంగల్: మిర్చి నమూనాను దోసిట్లోకి తీసుకుని, రంగు చూసి, తొడిమ విరిచి, గింజ పరీక్షించి బేరమాడే పద్ధతి పోలేదు గాని, దానికి ముందు మరొక మెట్టు వచ్చి చేరింది. పై ఊరి ఖరీదుదారు గాని, కారం మిల్లు యజమాని గాని నేడు మొదట చూసేది సెల్‌ఫోనులోని ఫోటోను. అది నచ్చితేనే నమూనా పంపమంటాడు. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటి సామాజిక మాధ్యమాలు ఆ విధంగా వర్తకునికి దుకాణపు ముంగిలి అయినాయి.

అయితే ఈ ముంగిలిని మనవారిలో పలువురు నడుపుతున్న తీరు సంతృప్తికరంగా లేదు. సరుకు లేక తీరిక దొరికిన రోజున పది ఫోటోలు పెడతారు. రాబడులు ముమ్మరమై చెప్పవలసిన సంగతులు ఎక్కువైన నెలలో ఒక్కటీ పెట్టరు. పండుగనాడు దేవుని బొమ్మతో శుభాకాంక్షలు, మరునాడు ఎవరో పంపిన హాస్యం, ఆపైన తేదీ లేని ఒక ధర. చూసేవారికి ఇది అడితి దుకాణమో, కాలక్షేపపు బల్లో తెలియదు.

ఇందులో వర్తకునికి కలిగే నష్టం చిన్నది కాదు. ఫిబ్రవరి మొదటి వారంలో తేదీ వేయకుండా పెట్టిన ధరను మార్చిలో ఎవరో మరల నలుగురికి పంపుతారు. దానిని నమ్మి ఒక రైతు యాభై కిలోమీటర్ల నుంచి ట్రాలీ కట్టించుకుని వస్తాడు. యార్డులో ధర వేరుగా వుంటుంది. సరుకు వెనక్కు తీసుకుపోతే కిరాయి దండుగ, అమ్ముకుంటే మనస్తాపం. మాట పడేది మాత్రం ఆ ధర పెట్టిన దుకాణం. కనుక సామాజిక మాధ్యమాలలో ఏ రోజు, ఎవరికి, ఏ సంగతి చెప్పాలో ముందుగా రాసి పెట్టుకునే ప్రచార క్యాలెండరును, చిట్టా, ఆవర్జాల పక్కన వుండవలసిన మూడవ పుస్తకంగా పరిగణించాలి. ఈ పుస్తకం రాయడం ఎట్లా అనేదే నేటి పాఠం.

ముందుగా చెప్పడంలోని బలం

ముందే చెప్పి, చెప్పినట్టు చేయడం ఈ ఊరికి కొత్త కాదు. ఓరుగల్లు రాజధానిగా ఏలిన కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకుల కోసం ఒక అభయ శాసనం వేయించినాడు. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరుకును పాలకులే తీసుకునే పాత ఆచారాన్ని మానుకుని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో ప్రకటించినాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు వంటి సరుకులకు సుంకం ఎంతో కూడ శాసనంలో విడివిడిగా చెప్పబడింది.

దూరదేశపు వర్తకుడు రేవుకు రావడానికి ముందే నిబంధన తెలుసుకోగలిగినాడు. మన ఫోనులో కనిపించే ప్రకటనకూ ఇదే కొలత. కొనేవాడు మన దాకా రాకముందే అతనికి పనికివచ్చే నిజమైన సంగతి తెలియాలి. అట్లా తెలియజేయని ప్రకటన ఎంత అందంగా వున్నా ఖర్చు ఖాతాలోకే పోతుంది.

ఎవరి కోసం?

క్యాలెండరు రాయడానికి కూర్చున్నప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న “ఏమి పెట్టాలి?” అన్నది కాదు, “ఎవరికి చెప్పాలి?” అన్నది. మన ప్రాంతపు సరుకుల వర్తకునికి స్థూలంగా మూడు తరగతులవారు వుంటారు.

ఒకటి, సరుకు తెచ్చే రైతు. అతనికి కావలసినవి యార్డు పనిదినాలు, సెలవులు, తేమ విషయంలో జాగ్రత్త, తాలు కాయ వేరు చేయడం, తక్‌పట్టీ చేతికి వచ్చే వేళ, డబ్బు చెల్లించే పద్ధతి. రెండు, టోకున కొనే పై ఊరి ఖరీదుదారు. అతనికి రకం, లాటు పరిమాణం, తేమ, రంగు, లోడు ఎత్తే రోజు తెలిస్తే చాలు. మూడు, కిలో, అరకిలో కొనే గృహిణి. ఆమెకు కారం ఘాటు ఎంత, రంగు ఎంత, ఏ కూరకు, ఏ పచ్చడికి ఏ రకం మేలు, ఇంటికి పంపుతారా అన్నవి ముఖ్యం.

ఈ మూడు తరగతులకూ ఒకే ప్రకటన పంపేవాడు ఒక్కరికీ సరిగా చెప్పనట్టే. రైతుకు పంపే సందేశంలో కారం పొడి పొట్లాల బొమ్మ దేనికి? క్యాలెండరులో ప్రతి పంక్తికి ఎదుట “ఎవరికి” అనే గడి తప్పక వుండాలని చెప్పడానికి కారణం ఇదే.

సంవత్సరపు చట్రం

తరువాత సంవత్సరపు చట్రం వేసుకోవాలి. ఇందుకు ఏ పట్నపు ప్రచార సంస్థనూ అడగనక్కరలేదు. సరుకు రాకడే మన పంచాంగం.

జనవరిలో సంక్రాంతి చుట్టూ కొత్త మిర్చి కనబడుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు రాబడులు ముమ్మరం. తేజ, వండర్ హాట్, 341, దీపిక, చపాటా వంటి రకాలు యార్డుకు వస్తాయి. పసుపు కూడ ఈ కాలపు సరుకే. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో గృహిణులు సంవత్సరానికి సరిపడా కారం పట్టించుకుంటారు, ఆవకాయ పెట్టుకుంటారు. ఎండలు ముదిరి యార్డుకు సెలవులు ఇచ్చిన తరువాత శీతల గిడ్డంగుల్లోని ఏసీ సరుకు మీద మాట నడుస్తుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు రైతు విత్తనం, నారు పనుల్లో వుంటాడు. సెప్టెంబరు, అక్టోబరులలో మక్కలు, తొలి పత్తి, వాటితో పాటు బతుకమ్మ, దసరా. నవంబరు, డిసెంబరులలో పత్తి, వానాకాలపు వడ్లు.

రెండేళ్లకోసారి మాఘ మాసంలో వచ్చే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరను బెల్లం వర్తకులు చట్రంలో ముందుగానే గుర్తించుకోవాలి. అక్కడ బెల్లాన్ని బంగారమనే పిలుస్తారు, నిలువెత్తు తూకమిచ్చి మొక్కు తీర్చుకుంటారు. జాతర తేదీలు ముందుగానే ప్రకటిస్తారు కనుక, నెల రోజుల ముందు చెప్పవలసిన మాటను జాతర ముందురోజున చెప్పడంలో అర్థం లేదు.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. కొనుగోలు జరిగే రోజుకంటే ముందే ప్రకటన వుండాలి. ఆవకాయ కారం గురించి మే నెలాఖరున చెప్పిన దుకాణదారు, ముహూర్తం దాటిన తరువాత పెళ్లి పత్రిక పంచినవానితో సమానం. గృహిణి మిరపకాయలు కొనే ఆలోచన చేసేది మార్చిలో. ఆమెకు మాట ఫిబ్రవరి చివరికే చేరాలి. పత్తి రైతుకు చెప్పవలసినది తొలి ఏరుడు మొదలుకాక ముందే చెప్పాలి. భారత పత్తి సంస్థ 2025-26 సీజనుకు కపాస్ కిసాన్ యాప్ ద్వారా పేరు నమోదు చేసుకుని స్లాటు తీసుకునే పద్ధతి పెట్టినప్పుడు, ఆ సంగతిని రైతుకు అర్థమయ్యే మాటల్లో ముందుగా చెప్పగలిగిన దుకాణానికి అతని నమ్మకం దక్కుతుంది. పత్తిలో తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత, 12 శాతం దాటితే సంస్థ కొనదు అన్న ఒక్క సంగతే మంచి ప్రకటన అవుతుంది.

వారపు చట్రం

సంవత్సరం తరువాత వారం. ఉదాహరణకు ఖిలా వరంగల్‌లో మిర్చి కొని, కారం పట్టించి టోకున, చిల్లరగా అమ్మే ఒక వర్తకుడు వున్నాడనుకుందాం. అతనికి వారానికి నాలుగు ప్రకటనలు చాలు. సోమవారం గడిచిన వారపు రాబడి, ధరల సారాంశం టోకు కొనుగోలుదారులకు. బుధవారం ఒక రకం పరిచయం, అంటే తేజ ఘాటుకూ చపాటా రంగుకూ గల తేడా వంటిది. శుక్రవారం ఆ వారం ఎక్కువమంది అడిగిన ఒక ప్రశ్నకు జవాబు. ఆదివారం ఇంటివారి కోసం, కారం పురుగు పట్టకుండా నిలువ చేసుకునే పద్ధతి వంటిది.

నాలుగు వారాలకు పదహారు ప్రకటనలు. ఇందులో బుధ, శుక్ర, ఆదివారాలవి పన్నెండు. వీటికి ఆనాటి ధరతో పనిలేదు. నెల మొదట ఒక పూట కూర్చుని, మంచి వెలుతురులో ఫోటోలు తీసి, మాటలు రాసి పెట్టుకోవచ్చు. మిగిలిన నాలుగు సోమవారాలవి మాత్రమే అప్పటికప్పుడు రాయవలసినవి. ఒక్కొక్క ప్రకటనకు అరగంట చొప్పున లెక్క వేసినా నెలకు ఎనిమిది గంటల పని. సీజనులో తీరిక లేదనే మాటకు ఈ లెక్కే సమాధానం. తీరిక లేని నెలకు కావలసినది తీరిక వున్న నెలలో సిద్ధం చేసుకోవడమే క్యాలెండరు ఉద్దేశం.

పుస్తకంలో గడులు ఇట్లా గీసుకోవచ్చు: తేదీ, ఎవరికి, ఏ సంగతి, ఏ మాధ్యమం, ఫోటో ఎక్కడ వుంది, రాసేది ఎవరు, సరిచూసేది ఎవరు, ఫలితం. ఎనిమిది గడులు. ఫోనులో రాసుకున్నా, కంప్యూటరులో రాసుకున్నా, ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకున్నా భేదం లేదు.

ధరల విషయంలో జాగ్రత్త

ప్రచారంలో అన్నిటికంటె ప్రమాదకరమైనది ధర. ఇందుకు యార్డులోని జెండా పాటనే ఉదాహరణగా తీసుకుందాం. మేలురకం లాటుకు పలికిన పై ధర జెండా పాట. అది ఆ నాటి యార్డు ధర కాదు. లెక్క కోసం మాత్రమే చెప్పుకుంటే, జెండా పాట క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎక్కువ బస్తాలు అమ్ముడైన ధర 13,200 రూపాయలు, తాలు కలిసిన సరుకు 9,000 రూపాయలు అనుకుందాం. “నేడు మిర్చి 15,000” అని పెట్టిన ప్రకటన అబద్ధం కాదు గాని నిజమూ కాదు. యార్డుకు వచ్చి 13,200 తీసుకున్న రైతుకు క్వింటాలుకు 1,800 రూపాయలు ఎవరో తగ్గించినారన్న అనుమానం మిగులుతుంది. నలభై బస్తాల రైతు ఆ అనుమానాన్ని నాలుగు ఊళ్లకు చెబుతాడు.

కనుక ధర పెట్టేటప్పుడు ఐదు అంశాలు వుండాలి. తేదీ, వేళ, రకం, కనిష్ఠ-గరిష్ఠ ధరలు, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. ఫోటో మీదనే ఈ మాటలు అచ్చు పడినట్టు వుంటే, దానిని నెల తరువాత ఎవరు పంపినా తేదీ కూడ వెంట వస్తుంది. పక్కన విడిగా రాసిన తేదీ ఫోటోతో పాటు ప్రయాణం చేయదు. తాను అమ్మజూపే సరుకు ధర అయితే “ఈ సాయంత్రం వరకు మాత్రమే” అన్న గడువు తప్పనిసరి. యార్డు ధరలను ముందే రాసి గడియారానికి వదిలిపెట్టే ప్రకటనలలో ఎన్నడూ చేర్చరాదు.

రేపు ధర పెరుగుతుందనీ, తగ్గుతుందనీ జోస్యం చెప్పడం కూడ దుకాణపు పేరు మీద మంచిది కాదు. జోస్యం నిజమైతే గుర్తుపెట్టుకునేవారు తక్కువ, తప్పితే మరచిపోయేవారు లేరు.

ఏ మాధ్యమం దేనికి?

వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరిలో వచ్చింది. సరుకుల పట్టిక, దుకాణపు వేళలు, సిద్ధంగా వుంచుకున్న జవాబులు ఇందులో పెట్టుకోవచ్చు. ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకు చేర్చవచ్చు. అయితే మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. జాబితాలో చేర్చి, చేరిందనుకుని కూర్చున్న వర్తకులు ఈ సంగతి గమనించాలి. తక్‌పట్టీ ఇచ్చే వేళనే “మా నంబరు దాచుకోండి” అని చెప్పే గుమాస్తా ఇక్కడ నిజమైన ప్రచారకుడు. రైతులకు ఒక జాబితా, ఖరీదుదారులకు మరొకటి, ఇంటివారికి ఇంకొకటి వేరుగా వుంచాలి.

స్టేటస్‌లో పెట్టినది 24 గంటల్లో మాయమవుతుంది. ఆనాటి ధరకు అది తగిన చోటు. పాత ధర మిగిలిపోయే బెడద కొంత తగ్గుతుంది. 2023లో వచ్చిన వాట్సాప్ చానెల్‌లో మాట మననుంచి మాత్రమే పోతుంది, ఎదుటివారు అందులో సందేశాలు పెట్టలేరు. సెలవులు, రాబడుల వంటి బహిరంగ ప్రకటనలకు ఇది బాగు. గ్రూపుల్లో ఎవరైనా ఏదైనా పెట్టగలరు కనుక దుకాణపు పేరుతో గ్రూపు నడిపేవారు కాపలా మనిషిని కూడ పెట్టుకోవలసి వుంటుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ముందే తేదీ, వేళ పెట్టి ప్రకటనను సిద్ధం చేసి వుంచే వీలు వుంది. రకాల పరిచయం, కారం పట్టే విధానం వంటివి ఇక్కడ పెట్టాలి. కొత్తవాడ తివాచీలు అమ్మేవారికి రంగులు, నేత చూపడానికి ఇన్‌స్టాగ్రామ్ తగినది. యూట్యూబ్‌లో పెట్టిన మంచి వీడియో ఏళ్ల తరబడి వుంటుంది. కాబట్టి అందులో ధర చెప్పరాదు, పద్ధతి చెప్పాలి. అన్ని మాధ్యమాలలోనూ వుండవలసిన అవసరం లేదు. రెండింటిని సరిగా నడిపినవాడు ఐదింటిని పాడుపెట్టినవానికంటె మెరుగు.

ఇద్దరి చూపు

ప్రకటన రాసేవాడు ఒకడు, సరిచూసేవాడు మరొకడు కావాలి. యువకుడైన గుమాస్తాకు ఫోను బాగా తెలుసు, పెద్దాయనకు సరుకు బాగా తెలుసు. చిన్నవాడు దీపిక ఫోటో పెట్టి చపాటా అని రాస్తే, దూరాన వున్న కొనుగోలుదారు అది మోసమే అనుకుంటాడు. కాంటాలో తూకం దడ్వాయి చూసినట్టు, ప్రకటనలో రకం, ధర, తేదీ ఈ మూడింటిని రెండవ మనిషి చూసి, పుస్తకంలో పొడి సంతకం పెట్టాలి. దీనికి రెండు నిమిషాలు చాలు.

ఫోటో సొంత సరుకుదే అయి వుండాలి. ఎవరి పేజీలోనుంచో తీసుకున్న నిగనిగలాడే కాయల బొమ్మ చూపి, వేరు సరుకు లోడు చేస్తే, లారీ తిరిగి వచ్చిన కిరాయి ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పనక్కరలేదు.

చట్టం సంగతి

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు, మరల చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర ప్రాధికార సంస్థకు వుంది. ఫోనులో పెట్టినదీ ప్రకటనే. కారం, పసుపు పొట్లాలు అమ్మేవారు 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్యను పొట్లం మీదా, బిల్లు మీదా చూపడంతో పాటు ప్రకటనలోనూ చూపడం మేలు. పసుపు ఫలానా రోగాన్ని మాన్పుతుందని, కారం బరువు తగ్గిస్తుందని రాయడం ప్రమాదం.

వరంగల్ చపాటా మిర్చికి 2025లో, వరంగల్ తివాచీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు దుకాణానిది కాదు, ప్రాంతపు సరుకుది. 1999 భౌగోళిక సూచికల చట్టం కింద అధీకృత వాడకందారుగా నమోదైనవారికే ఆ ముద్రను తమ సరుకు మీద వాడే హక్కు వుంటుంది. ఎక్కడో పండిన గుండ్రటి కాయకు చపాటా ముద్ర తగిలించి ఫోటో పెట్టడం తనకు కేసు, ఊరికి అపకీర్తి తెచ్చిపెట్టుకోవడమే.

ఆపడం తెలియాలి

ముందే సిద్ధం చేసి గడియారానికి వదిలిన ప్రకటనకు కళ్లు లేవు. 2023 జూలై చివరి వారంలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి వరద నీరు వచ్చింది. అటువంటి నాడు “వానలో వేడి మిరపకాయ బజ్జీ, మా కారంతో” అనే ప్రకటన తనంతట తాను బయటకు పోతే ఎట్లా వుంటుందో ఊహించుకోవచ్చు. అకాల వర్షానికి కళ్లంలో మిర్చి తడిసిన రోజూ అంతే. కనుక ప్రతి ఉదయం దుకాణం తెరిచేటప్పుడు ఆనాటి ప్రకటనను ఒకసారి చూసి, పంపాలా, ఆపాలా నిర్ణయించే మనిషి పేరు పుస్తకంలో వుండాలి. ఆపినదాని బదులు “నేడు యార్డు లేదు, సరుకు తేవద్దు” అన్న ఒక్క ముక్క పంపగలిగితే, ఆ రోజుకు అంతకంటె మంచి ప్రకటన వుండదు.

ఫలితం లెక్క

నెలాఖరున ఎనిమిదో గడి చూడాలి. ఎంతమంది మెచ్చుకున్నారన్నది ముఖ్యం కాదు. ఎందరు విచారించినారు, ఎన్ని నమూనాలు పోయినాయి, ఎన్ని బేరాలు కుదిరినాయి అన్న మూడు అంకెలే లెక్క. ఉదాహరణకు పదహారు ప్రకటనలకు నలభై విచారణలు, పన్నెండు నమూనాలు, ఐదు బేరాలు అనుకుందాం. ఆ ఐదింటిలో నాలుగు సోమవారపు సారాంశం చూసినవారివైతే, ఆదివారపు ప్రకటనలు రెండు తగ్గించి, సారాంశానికి మరికొంత శ్రద్ధ పెట్టాలి. విచారించిన ప్రతివారినీ “ఎక్కడ చూసినారు?” అని అడిగి రాసుకోకపోతే ఈ లెక్క తేలదు.

విచారణలు చాలా వచ్చి బేరాలు కుదరకపోతే లోపం ప్రకటనలో కాదు, జవాబు ఆలస్యంలోనో, ధరలోనో, సరుకులోనో వుందని గ్రహించాలి. ఎంత ప్రచారమైనా తాలు కాయను ఎర్రకాయ చేయలేదు.

ఉగాదికో, దీపావళికో కొత్త ఖాతా పుస్తకం తెరిచే ఆచారం వున్న వర్తకులు, దాని పక్కనే ఈ పుస్తకాన్నీ తెరిస్తే సరిపోతుంది. మొదటి నెలకు వారానికి రెండు ప్రకటనలతోనే మొదలుపెట్టినా నష్టం లేదు. చెప్పిన రోజున చెప్పిన మాట వినబడుతుందని కొనేవాడికి తెలిసిన నాడు, ఫోను మోగేది మన దుకాణంలోనే. వర్తకులు గమనించగలరు.